రేకులు తీసే చేతులు సొంత కొట్టు పెడితే ఊరికి ఒరిగేదేమిటి?

ఆత్రేయపురం మండలం నుంచి ఒక సోదరి రాసిన సుదీర్ఘమైన లేఖ ఇది. పేరు, ఊరు వెల్లడించవద్దని కోరారు. ఆమెకు నలభై ఒక్క ఏళ్లు. పెళ్లై అత్తవారింటికి వచ్చిన నాటి నుంచి ఇంటి దగ్గరే పొయ్యి పెట్టుకుని, వరుసకు బాబాయి అయ్యే ఒక దుకాణదారుకు పూతరేకుల రేకులు తీసి ఇస్తున్నారు. బియ్యం ఆయన పంపుతారు, కూలి రేకుల లెక్కన ఇస్తారు. పని బాగా సాగిన రోజున కూడా చేతికి వచ్చేది నాలుగు వందలు దాటదు. భర్త రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. గడచిన రెండు సార్వాలూ (వానాకాలపు వరి పంటలు) కోతల వేళ వానలకు దెబ్బతిన్నాయి. కూతురు రావులపాలెంలో డిగ్రీ చదువుతోంది. అత్తగారి ఆపరేషను కోసం బాబాయి దగ్గర తీసుకున్న 60,000 రూపాయల అడ్వాన్సులో ఇంకా 35,000 తీరవలసి ఉంది.

హైదరాబాదులో స్థిరపడిన ఊరివాళ్లు కొందరు పండగలకు వచ్చినప్పుడు ఆమె చేత నేరుగా పూతరేకులు చుట్టించుకుని వెళ్లారు. ఇప్పుడు వాళ్లు, వాళ్ల ఇరుగుపొరుగువాళ్లు మళ్లీ కావాలని ఫోన్లు చేస్తున్నారు. డ్వాక్రా సంఘంలోని మరో నలుగురితో కలిసి సొంతంగా మొదలుపెట్టాలని ఆమె ఆశ. అందుకు 3 లక్షలు కావాలని లెక్క వేసుకున్నారు. భర్త మాత్రం ఉన్న ఏడు కాసుల బంగారం తాకట్టు పెట్టి ఊరి మధ్యలో కిరాణా కొట్టు పెడదామంటున్నారు, ఊళ్లో ఇప్పటికే నాలుగు కొట్లు ఉన్నాయి. సంగతి తెలిసిన బాబాయి, పని ఇచ్చిన ఇంటికే పోటీ వస్తావా, అందరూ తలా ఒక కొట్టు తెరిస్తే ఈ వృత్తే పాడవుతుంది అని మందలించారు. సంఘం సమావేశంలో ఒక అధికారి, మీలాంటివాళ్లు స్వయం ఉపాధిలోకి వస్తేనే జిల్లా ముందుకు వెళ్తుందని చెప్పారట. లేఖ చివర ఆమె అడిగిన మాట ఇది: "నేను కొట్టు పెడితే మా ప్రాంతం నిజంగా బాగుపడుతుందా? లేక ఉన్న బేరాన్నే పంచుకుని అందరం కలిసి నష్టపోతామా? ఊరి మంచి కోసమని నా బంగారం పణంగా పెట్టడం న్యాయమేనా?"

అమ్మా,

మీ లేఖలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. మీ ఇంటికి స్థిరమైన రాబడి ఎలా వస్తుందన్నది ఒకటి, బాబాయిగారికి మీరు ఎంతవరకు బాకీ ఉన్నారన్నది మరొకటి, మీ నిర్ణయం వల్ల ఆ ప్రాంతానికి మేలా కీడా అన్నది ఇంకొకటి. అధికారి చెప్పిన మాట మీ మనసు మీద బరువుగా కూర్చుందని లేఖలోని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది కనుక మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను.

స్వయం ఉపాధి పెరిగినంత మాత్రాన ఒక ప్రాంతం ఎదగదు. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం 2023-24లో దేశంలో పని చేస్తున్నవారిలో 58.4 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నవారే. కౌలుకు చేసే మీ వారు కూడా ఆ లెక్కలోకి వస్తారు. కూలి లేకుండా భర్త చేలోనో అత్తగారి కొట్లోనో సాయం చేసే ఆడవాళ్లు, పిల్లలు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు, మొత్తం పని చేసేవారిలో దాదాపు ఐదో వంతు వాళ్లే. అదే ఏడాది వ్యవసాయేతర చిన్న వ్యాపారాల మీద జరిగిన మరో ప్రభుత్వ సర్వేలో 7.34 కోట్ల సంస్థలు, వాటిలో 12.06 కోట్ల మంది పనివాళ్లు తేలారు. అంటే ఒక్కో సంస్థకు సగటున ఇద్దరు కూడా లేరు. చాలామందికి సొంత వ్యాపారం అంటే వేరే పని దొరకక చేసుకుంటున్న ఏర్పాటు తప్ప పదిమందికి పని చూపించే మార్గం కాదు. ఆ అధికారి మాటలో ఆదరణ ఉండవచ్చు. కానీ జిల్లా భవిష్యత్తు మీరు కొట్టు తెరవడం మీద ఆధారపడి ఉందన్న భారాన్ని మీరు మోయనక్కరలేదు.

అయితే కొన్ని చిన్న వ్యాపారాలు తమ ప్రాంతాన్ని నిజంగానే పైకి తెస్తాయి. ఏది ఆ కోవలోకి వస్తుందో తెలుసుకోవడానికి రెండు విషయాలు చూడాలి. కొనేవాడి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? వచ్చిన డబ్బులో పని చేసిన చేతులకు ఎంత చేరుతోంది? మీ ఎదుట ఉన్న రెండు ఆలోచనలనూ ఈ రెండింటి దగ్గర పెట్టి చూద్దాం.

కిరాణా కొట్టుకు వచ్చేది ఊరి డబ్బే. ఇళ్లు పెరగకుండా, ఆ ఇళ్ల సంపాదన పెరగకుండా ఐదో కొట్టు వస్తే, నలుగురు పంచుకుంటున్న అమ్మకాన్ని ఐదుగురు పంచుకుంటారు. సరుకులో చాలా భాగం బయటి కంపెనీలది కనుక ఊళ్లో మిగిలేది లాభపు వాటా మాత్రమే. కొత్త కొట్టు రావడంతో ధరలు కాస్త తగ్గితే కొనేవాళ్లకు మేలేనని ఒప్పుకుంటాను. కానీ నాకు కనిపించే అసలు ప్రమాదం వేరే ఉంది, అది మీ వారి దృష్టికి వచ్చినట్లు లేదు. పల్లెలో కిరాణా అంటే అరువు బేరం. ఆ అరువు తీరేది కోతల తరువాత. వానలకు సార్వా పోయిన ఏడాది మీ చేనూ పోతుంది, మీ కొట్లో అరువు పెట్టినవాళ్ల చేలూ పోతాయి. కుటుంబానికి ఉన్న రెండు రాబళ్లూ ఒకే వానకు ఒకే వారంలో ఆగిపోతాయి. కౌలు కష్టాల నుంచి బయటపడాలన్నది మీ వారి తపన, అందులో తప్పేమీ లేదు. ఆయన ఎంచుకున్న మార్గమే ఆయనను మళ్లీ ఆ చేనికే కట్టి వేస్తోంది.

పూతరేకుల సంగతి ఇందుకు భిన్నం. హైదరాబాదులో కొనేవాడి జీతం మీ ఊరి సార్వా మీద ఆధారపడదు. అతను పంపే ప్రతి రూపాయి ఆ ఊళ్లో అంతకుముందు లేని రూపాయి. అది రేకు తీసిన ఆమెకు కూలిగా, పొయ్యిలోకి కొబ్బరి మట్టలు, తాటాకులు తెచ్చి ఇచ్చే మనిషికి వెలగా, పాలు పోసే ఇంటికి ఖాతాగా మారుతుంది, అక్కడి నుంచి మళ్లీ ఆ నాలుగు కిరాణా కొట్లకే చేరుతుంది. కాలువ నీరు ఎన్ని చేలు తడిపి శివారుకు చేరిందన్నది ఎంత ముఖ్యమో, ఈ డబ్బు ఊరు దాటే ముందు ఎన్ని చేతులు మారిందన్నదీ అంత ముఖ్యం. నెయ్యి బయటి కంపెనీ డబ్బాలో కొంటే ఆ భాగం వెంటనే వెళ్లిపోతుంది, పక్క వీధి గేదెల పాల నుంచి కాచినది కొంటే ఇంకొక ఇంటికి రాబడి అవుతుంది. పంచదార, జీడిపప్పు, అట్టపెట్టెల దగ్గర మీకు అంత వెసులుబాటు ఉండకపోవచ్చు, ఫరవాలేదు.

రెండో విషయం ఇంతకన్నా ముఖ్యమైనది, మన డెల్టాలోనే దానికి పాఠం ఉంది. నరసాపురం పరిసరాల లేసు అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి విదేశాలకు ఎగుమతి అయ్యే వ్యాపారంగా ఎదిగింది. బయటి డబ్బు తరతరాలుగా వచ్చింది. కానీ ఇంటి పనుల మధ్య కూర్చుని అల్లిన వేలాది ఆడవాళ్లకు ముక్కల లెక్కన అందింది చాలా తక్కువ. వాళ్లు చేస్తున్నది పని అని కూడా చాలాకాలం ఎవరూ అనుకోలేదు, ఖాళీ సమయంలో చేసే అల్లిక అనుకున్నారు. సరుకు సముద్రాలు దాటినా అల్లిన చేతికి పెరగనప్పుడు ఆ ఇంట్లో పిల్లల చదువు పెరగదు, ఆ వీధిలో కొనుగోలు పెరగదు. ఇప్పుడు మీరున్న స్థితి కూడా దాదాపు అదే. మీ రేకుకు పేరు ఉంది, ఊరికి పేరు ఉంది, మీ కూలి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక బాబాయిగారి మాట. అందరూ తలా ఒక కొట్టు తెరిస్తే వృత్తి పాడవుతుందన్న భయం పూర్తిగా నిరాధారం కాదు. కొత్తగా వచ్చినవాళ్లు ధర తగ్గించడానికి నెయ్యి బదులు డాల్డా రాసి, పలచని రేకుకు బదులు మందమైన రేకు చుట్టి అమ్మితే ఒకసారి మోసపోయిన కొనుగోలుదారు ఊరి పేరునే అనుమానిస్తాడు, అప్పుడు నష్టపోయేది అందరూ. కానీ ఒకే పని చేసేవాళ్లు ఒకచోట పెరగడం దానంతట అది చేటు కాదు. కడియం, కడియపులంక వైపు చూడండి. పక్కపక్కనే నర్సరీలు ఉన్నాయి, ఒకరికి ఒకరు పోటీయే. అయినా అన్ని రకాల మొక్కలూ ఒకేచోట దొరుకుతాయన్న పేరు వల్లే ఇతర రాష్ట్రాల కొనుగోలుదారులు అక్కడికి వస్తున్నారు. అంట్లు కట్టే నేర్పరులకు పని వెతుక్కోవలసిన అవసరం లేదు, లారీలకు తిరుగు బేరం ఉంటుంది. ఒక యజమాని తక్కువ ఇస్తే పనివాడు పక్క తోటకు వెళ్లగలడు. మీ ఊళ్లోనూ రేకు తీయడం వచ్చినవాళ్లను పిలిచేవాళ్లు ఇద్దరైతే, ఒక్కరి దగ్గరే పని ఉన్నప్పటి కూలి నిలవదు. మీరు విడిగా వెళ్లడం వల్ల ప్రాంతానికి కలిగే మొదటి మేలు బహుశా ఇదే. అది మీ లాభనష్టాల పుస్తకంలో ఎక్కడా కనిపించదు, బాబాయిగారి దగ్గరే ఉండిపోయిన మిగతా ఆడవాళ్ల చేతిలో కనిపిస్తుంది. ఆయన కోపానికి కారణం కూడా ఇదేనేమో ఆలోచించండి.

ఆయన మీకు కష్టకాలంలో డబ్బు ఇచ్చారు. ఆ కృతజ్ఞత మీ లేఖలో ఉంది, ఉండాలి కూడా. కానీ మీరు ఆయనకు బాకీ ఉన్నది 35,000 రూపాయలు, జీవితాంతపు పని కాదు. అప్పు ఉందన్న కారణంతో ఒకరి దగ్గరే పని చేయాలని కట్టడి చేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం చెల్లదు. ఈ మాట ఆయన ముఖం మీద అనమని నేను చెప్పడం లేదు, వరుసైనవాళ్ల మధ్య చట్టం పేరెత్తితే ఆ తరువాత మాటలు ఉండవు. మీ మనసులో మీకు స్పష్టత ఉండడం కోసం చెబుతున్నాను. బాకీ ఎంత మిగిలిందో ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకుని, నెలకు ఇంత అని తీర్చే ఏర్పాటు చేసుకోండి. అది జరగకుండా కొత్త పని మొదలుపెడితే ప్రతి చిన్న గొడవా ఆ బాకీ దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు మీకున్న మార్గాలు. బాబాయిగారి దగ్గరే ఉండి, మీ నలుగురితో కలిసి రేకుకు ఇంత పెంచమని అడగవచ్చు. ఇందులో పెట్టుబడి లేదు, ముప్పు తక్కువ. ఒక్కరు అడిగితే తేలిగ్గా తోసిపుచ్చే మాటను దసరాకు ముందు ఐదుగురు కలిసి అడిగితే ఆయన వినవలసి వస్తుంది. కానీ పండగ గిరాకీ తగ్గాక పెంచిన కూలి నిలుస్తుందన్న హామీ లేదు, హైదరాబాదు నుంచి వచ్చే ఫోన్లు కూడా ఆయన కొట్టుకే వెళ్లిపోతాయి.

పూర్తిగా విడిపోయి, 3 లక్షలూ ఒక్కసారే పెట్టి కొట్టు తెరవడం మరో మార్గం. లాభం వస్తే పూర్తిగా మీదే. అయితే ఈ బేరం సంక్రాంతి, దసరా, పెళ్లి ముహూర్తాల చుట్టూ తిరిగేది. మధ్యలో మూఢమో శూన్యమాసమో వస్తే అద్దె మాత్రం ఆగదు. వానాకాలంలో రేకు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడితే ఆ సరుకు అమ్మలేరు. ఫోన్లో కావాలన్న ప్రతివారూ డబ్బు కట్టి కొంటారన్న నమ్మకం ఇంకా మీకు చిక్కలేదు.

ఈ రెండింటి మధ్య ఉన్న దారిని కూడా పరిశీలించమంటాను. వారంలో కొన్ని రోజులు బాబాయిగారికి రేకులు తీస్తూ, మిగతా రోజుల్లో ఐదుగురూ కలిసి ముందుగా డబ్బు అందిన ఆర్డర్లు మాత్రమే చేయడం. కొట్టు వద్దు, బోర్డు వద్దు. బాకీ తీరుతుంది, ఇంట్లో రోజువారీ రాబడి ఆగదు, గిరాకీ నిజమో కాదో ఒక పండగ కాలంలో తేలుతుంది. దీనికి ఆయన ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకున్నా ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది, రెండు పడవల మీద కాళ్లన్న మాట పడవలసి వస్తుంది. ఆయన పని పూర్తిగా మానిపించేస్తే వెంటనే ఏం చేస్తారో కూడా ముందే ఐదుగురూ అనుకుని ఉండాలి.

ఏ దారిన వెళ్లినా ఒక లెక్క మాత్రం తప్పకుండా రాయండి, ఎందుకంటే ఆడవాళ్లు నడిపే చిన్న వ్యాపారాలు ఈ లెక్క రాయకపోతే దెబ్బతినే ప్రమాదం ఉంది. నెయ్యి, పంచదార, బెల్లం, బియ్యం, పెట్టెలు, కొరియరు ఖర్చు తీసేసి మిగిలినదంతా లాభమని అనుకుంటారు. పొయ్యి ముందు కూర్చున్న గంటలకు వెల కట్టరు. మీరిప్పుడు మంచి రోజున నాలుగు వందల వరకు తెచ్చుకుంటున్నారు. నెలకు ఇరవై రోజుల పని అనుకున్నా ఒక్కొక్కరికి 8,000, ఐదుగురికి 40,000 రూపాయలు ముందు కూలిగా పక్కన పెట్టాకనే లాభమన్న మాట ఎత్తాలి. ఆ కూలి కూడా రాకపోతే మీ కొట్టు నడుస్తున్నది మీ ఐదుగురి ఉచిత శ్రమ మీద, అటువంటి వ్యాపారం ప్రాంతానికి ఏమీ చేర్చదు, మిమ్మల్ని అరగదీస్తుంది. కాలేజీ నుంచి వచ్చి పెట్టెలు కట్టే మీ అమ్మాయి గంటలు కూడా ఆ పుస్తకంలో రాయండి. చదువు మానిపించి కొట్లో కూర్చోబెట్టవలసిన పరిస్థితి వస్తే అది వ్యాపారానికి ప్రమాద సూచన అని నా గట్టి అభిప్రాయం. పొగ గూడు, గాలి ఆడే పాక కూడా ఖర్చు కిందే రాసుకోండి. ఇన్నేళ్లుగా కళ్లు మండుతున్నాయని మీరు ఒక్క వాక్యంలో రాసి దాటవేశారు, నాకు అది దాటవేయదగిన విషయంగా అనిపించలేదు.

డబ్బు దగ్గరికి వస్తే, మీ పనికి బంగారం కన్నా ముందు చూడవలసినవి ఉన్నాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకంలో ఆహార పదార్థాలు తయారు చేసే పొదుపు సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల వరకు మూలధనం సంఘ సమాఖ్య ద్వారా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఐదుగురికి కలిపి అది 2 లక్షలు. అదే పథకంలో విడిగా యూనిట్ పెట్టేవారికి అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఉంది. కానీ పది శాతం మీరు పెట్టుకోవాలి, సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్ల పాటు అప్పు సక్రమంగా నడిచి యూనిట్ పని చేస్తుంటేనే ఖాతాలో సర్దుతారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీ మండల సమాఖ్యలో ముందు కనుక్కోండి. అది కుదరకపోతే ముద్ర రుణాల్లో 5 లక్షల లోపు 'కిశోర్' విభాగం ఉంది, దానికి తాకట్టు అడగకూడదు. ఎవరైనా మధ్యవర్తి సబ్సిడీ ఇప్పిస్తానని ముందుగా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

కాగితాల విషయంలో భయపడకండి. మీలాంటి చిన్న తయారీదారులకు ఆహార భద్రతా సంస్థలో సాధారణ నమోదు చాలు. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, ఆధార్‌తో అవుతుంది. హైదరాబాదు మిఠాయి దుకాణాలకు సరుకు వేయాలనుకుంటే అది తప్పనిసరిగా చేయించుకోండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం నమోదైన తయారీదారుకు కొన్నవారు 45 రోజుల లోపు డబ్బు చెల్లించాలి, లేకపోతే వడ్డీతో కట్టాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. ఆ పేరును వాడుకునే అధీకృత వినియోగదారుగా ప్రతి తయారీదారూ విడిగా నమోదు కావచ్చు, అది పెద్ద దుకాణాలకే పరిమితమైన హక్కు కాదు. మీ పెట్టె మీద ఆ గుర్తు ఉంటే బాబాయిగారు అన్న నాణ్యత మాటకు కూడా మీ వైపు నుంచి జవాబు ఉన్నట్లే.

మీ వారితో మాట్లాడేటప్పుడు కిరాణా ఆలోచన తప్పని మొదలుపెట్టకండి. ఆయనకు కావలసినది రోజూ చేతిలో కాస్త డబ్బు ఆడడం. అది ముందుగా ఒప్పుకుని, అరువు తీరకపోతే, అదే ఏడాది సార్వా పోతే తాకట్టు వడ్డీ దేనితో కడదామని ఇద్దరూ కలిసి లెక్క వేయండి. ఆయన దగ్గర మంచి జవాబు ఉంటే, ఉదాహరణకు ఊళ్లో ఎవరూ అమ్మని సరుకేదైనా ఆయన మనసులో ఉంటే, దాన్ని శ్రద్ధగా వినండి. పూతరేకుల పనిలో ఆయనకు పాలు, కట్టెలు సమకూర్చడం, రావులపాలెం వెళ్లి కొరియరు వేయడం వంటి పాత్ర ఉండగలదు. ఆ శ్రమకూ పుస్తకంలో కూలి రాయాలి.

బంగారం ఏడు కాసులూ ఒకేసారి ఏ పనికీ పెట్టవద్దన్నది నేను గట్టిగా చెప్పగలిగిన మాట. సంఘం మూలధనం ఆలస్యమై, చేతిలో డబ్బు కట్టిన ఆర్డర్లు ఉండి, నెయ్యికి మాత్రమే తక్కువ పడినప్పుడు ఒకటి రెండు కాసుల మీద తెచ్చుకుని పండగ తరువాత విడిపించుకోవడం వేరే సంగతి. దసరా నుంచి సంక్రాంతి దాకా పుస్తకం రాసి చూడండి. ఐదుగురి కూలీ పోగా కొంత మిగిలితే కొట్టు మాట అప్పుడు ఎత్తుకోవచ్చు. మిగలకపోతే బాబాయిగారితో పాటు మరో ఇద్దరు ముగ్గురు దుకాణదారులకు రేకులు మాత్రమే తీసి ఇచ్చే పని మీ ఐదుగురికీ ఉంటుంది. కొనేవాళ్లు ఒకరికి మించి ఉంటే రేటు మాట్లాడుకునే వీలు అప్పటికైనా మీ చేతిలోకి వస్తుంది.